పాత సిటీ వీటెక్ కొంటున్నారా? ఇంజిన్ ఆఖర్న చూడండి

రెండేళ్ల కిందట మే నెలలో, విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఎర్ర హోండా సిటీ ఉందంటే చూడ్డానికి వెళ్లాను. 2002 మోడల్, 1.5 వీటెక్ (ఇంజిన్ వేగంగా తిరిగేటప్పుడు అదనపు బలం ఇచ్చే రకం) అని చెప్పారు. ఎండ మాడు పగలగొడుతోంది. కన్సల్టెన్సీ అతను తాళం తిప్పగానే బండి అందుకుంది. ఐడిల్‌లో వణుకు లేదు, సైలెన్సర్ దగ్గర పొగ లేదు. హైవే మీదికి తీసుకెళ్లి రెండో గేర్లో కాలు పూర్తిగా తొక్కాను. అయిదు వేల ఆర్‌పీఎం దరిదాపుల్లో ఇంజిన్ గొంతు మారింది. కాలేజీ రోజుల్లో స్నేహితుడి నాన్నగారి బండిలో విన్న గొంతే. వెనక్కి రాగానే అడ్వాన్స్ కొట్టేద్దామని ఫోన్ తీశాను.

నాతో వచ్చిన మెకానిక్ ఆటోనగర్‌లోనే ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఆయన నడిపి చూడలేదు, సౌండ్ వినలేదు. ఆర్‌సీ అడిగి తీసుకున్నాడు. పాత బనీను గుడ్డతో గేర్‌బాక్స్ పక్కన బ్లాక్ మీదున్న జిడ్డు తుడిచాడు, మొబైల్ లైటు వేసి వంగి చూశాడు. "ఈ ఇంజిన్ ఈ బండిది కాదు బాబూ" అన్నాడు.

అది మామూలు 1.5 సిటీ. దెబ్బతిన్న ఏదో వీటెక్ నుంచి ఇంజిన్ దించి దీంట్లో ఎక్కించారు. ఆర్‌సీలో పాత నంబరు అలాగే ఉంది. ఇంజిన్ నిజంగానే బాగుంది, అందులో అబద్ధం లేదు. కానీ చట్టం దృష్టిలో ఆ ఇంజిన్ ఆ కారులో లేనేలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నరలో పదకొండు బండ్లు చూశాను. అందరూ ఇంజిన్‌తో మొదలుపెట్టి కాగితాలతో ముగిస్తారు. పాత పెర్ఫార్మెన్స్ కారు విషయంలో ఇది తలకిందుల పద్ధతి. పాడైన ఇంజిన్‌ని బాగుచేయొచ్చు. తుప్పు తిన్న బాడీని బాగుచేయడం చాలా కష్టం, అది ఏనాటికీ పూర్తిగా నయం కాదు. కాగితాలు చెడితే మాత్రం ఏ మెకానిక్కూ ఏమీ చేయలేడు. చూడాల్సిన వరస కూడా అదే: ముందు కాగితం, తర్వాత రేకు, ఆఖర్న ఇంజిన్.

అసలు ఈ కారు మీద ఇంత మోజెందుకు?

హోండా 1998లో సిటీని మన దేశంలోకి తెచ్చింది. 2000లో ముఖం మార్చారు. ఆ కొత్త ముఖాన్నే ఇప్పటికీ టైప్ 2 అంటారు. ఆ టైప్ 2లోనే 1.5 వీటెక్ వచ్చింది. ఇంజిన్ బలం 106 బీహెచ్‌పీ, బండి బరువు దాదాపు వెయ్యి కిలోలు. అప్పట్లో రోడ్డు నిండా కనిపించే మారుతి 800 ఇచ్చేది 37 బీహెచ్‌పీ అని గుర్తు తెచ్చుకుంటే ఇది ఏ స్థాయి బండో అర్థమవుతుంది. 2003లో కొత్త రూపంతో వచ్చిన సిటీకి ఐడీఎస్ఐ ఇంజిన్ పెట్టి 77 బీహెచ్‌పీకి దించేశారు. మైలేజీ పెరిగింది, కుటుంబాలు సంతోషించాయి. పాత వీటెక్ ఉన్నవాళ్లు దాన్ని అమ్మడం మానేశారు.

అంటే ఈ బండ్లు తయారైంది కొద్ది ఏళ్లే. వాటిలో కొన్ని రేసులకి పోయాయి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద పరిగెత్తిన సిటీలు తక్కువేమీ కాదు. కొన్ని గుద్దుకుని పోయాయి, కొన్ని ఎల్‌పీజీ కిట్లు పెట్టించుకుని ట్యాక్సీలకన్నా హీనంగా అరిగాయి. మిగిలినవాటిలో మంచి బండి దొరకడం కష్టం కాబట్టే, మామూలు 1.5కి వీటెక్ ఇంజిన్ ఎక్కించి, డిక్కీ మీద బ్యాడ్జి అంటించి అమ్మడం మొదలైంది.

కాగితాల సంగతి

ఇంజిన్ మార్చడమే నేరం కాదు. అదే రకం ఇంజిన్ వేసినా ఆర్టీఏకి చెప్పి, కొత్త నంబరు ఆర్‌సీలోకి ఎక్కించుకోవాలి. వేరే రకం ఇంజిన్ అయితే సంగతి ఇంకా కష్టం. బండిలో మార్పుల సంగతి చెప్పేది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. "అందరూ తిరుగుతున్నారు కదా అన్నా" అని అమ్మేవాళ్లు అంటారు. తిరుగుతున్నారు, నిజమే. తిరగలేని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు రిజిస్ట్రేషన్ రెన్యువల్ నాడు వస్తుంది.

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్లకి. ఆ తర్వాత అయిదేళ్లకోసారి బండిని తీసుకెళ్లి చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. ఇనస్పెక్టర్ చాసిస్ నంబరు చూస్తాడు, ఇంజిన్ నంబరు చూస్తాడు. 2002 సిటీకి 2017లో పదిహేను నిండాయి, 2022లో మళ్లీ గడువు వచ్చింది, 2027లో మళ్లీ వస్తుంది. కాబట్టి ఆర్‌సీ మీద మొదట చూడాల్సింది "వ్యాలిడ్ అప్‌టు" తేదీ. ఫీజు కూడా మునుపటిలా లేదు. 2022 ఏప్రిల్ దాకా 600 రూపాయలు ఉన్న రెన్యువల్ ఫీజు ఒక్కసారిగా 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ దీనికి వేరు. గడువు దాటిపోయిన ఆర్‌సీ చూపించి "అది చిన్న పనే సార్, ఏజెంట్ చూసుకుంటాడు" అంటే, ఆ చిన్న పని వాళ్లనే చేయించి ఇమ్మనండి. చిన్నదే అయితే ఈపాటికి చేసేసేవాళ్లు.

రెండోది, ఆర్‌సీలో ఉన్న పేరు ఎవరిది? 2000ల మొదట్లో ఈ కారు కొన్నవాళ్లలో చాలామంది సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, డాక్టర్లు, చిన్న వ్యాపారులు. బండి పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకం పెట్టి, మిగతాది ఖాళీగా వదిలేసి అమెరికా వెళ్లిపోయినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ ఫారాలతోనే బండి ముగ్గురు నలుగురు చేతులు మారుతుంది, పేరు మాత్రం మారదు. నేను చూసిన ఆరో బండి ఓనరు డాలస్‌లో ఉన్నాడు. వాట్సాప్‌లో చాలా మర్యాదగా మాట్లాడాడు. 2009లోనే అమ్మేశానని అనుకుంటున్నాడు. పేరు మారకుండా ఉన్న బండి ప్రమాదం చేస్తే, నష్టపరిహారం బాధ్యత ఆర్‌సీలో ఉన్న పేరు మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి చెబితే ఆయనకి నిద్ర పట్టలేదట. సంతకాలకి సహకరించని ఓనరుకి ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి.

మూడోది, హైపోతికేషన్, అంటే బండి మీద లోను ఉందని ఆర్‌సీలో ఉండే రాత. లోను పదిహేనేళ్ల కిందటే తీరిపోయుంటుంది, ఆర్‌సీ మీంచి బ్యాంకు పేరు తీయించరు. ఆ బ్యాంకే ఇప్పుడు లేకపోవచ్చు. ఆర్‌సీ మీద స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అని ఉంటే అది 2017లో ఎస్‌బీఐలో కలిసింది, ఆంధ్రా బ్యాంక్ అని ఉంటే 2020లో యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. ఆ రాత తీయించడానికి కావాల్సిన ఫారం 35, ఎన్‌వోసీ ఆ కొత్త బ్యాంకు దగ్గరే తీసుకోవాలి. మూతపడిన ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే మాత్రం నేనైతే ఆ బండి జోలికి వెళ్లను.

ఢిల్లీ బండ్ల గురించి ఒక మాట. అక్కడ పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లు, పదేళ్లు దాటిన డీజిలు కార్లు నడపకూడదన్న ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్) ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించాక, అక్కడి నుంచి దక్షిణాదికి కార్లు బారులు కట్టాయి. ధర చూస్తే నోరూరుతుంది. కానీ వేరే రాష్ట్రం బండికి అక్కడి ఎన్‌వోసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, ఇంజిన్-చాసిస్ నంబర్లు మళ్లీ చూపించాలి. అసలు ఆ బండి రిజిస్ట్రేషన్ అక్కడ రద్దయిందో లేదో ముందు తేల్చుకోవాలి. రద్దయిన బండి అంటే విడిభాగాల మూట.

రేకు చెప్పే కథ

ఏపీ 31 నంబరుతో విశాఖ బండి, ఏపీ 02 నంబరుతో అనంతపురం బండి పక్కపక్కన పెడితే, ఒకే ఏడు తయారైనా వయసులో పదేళ్ల తేడా కనిపిస్తుంది. ఉప్పుగాలి సంగతి అలాంటిది. ఈ సిటీలో తుప్పు మొదట వెనక చక్రాల పైన ఉండే వంపులో పడుతుంది. బయటికి చిన్న పొక్కులా కనిపిస్తుంది. లోపల అప్పటికే అరచేయంత మేర తినేసి ఉంటుంది. తర్వాత డోర్ల కింద రన్నింగ్ బోర్డులు, డిక్కీలో స్టెప్నీ కూర్చునే గుంట, బ్యాటరీ ట్రే అడుగు.

చూసే పద్ధతి పెద్ద విద్యేం కాదు. ఫ్రిజ్ మీద అంటించే మాగ్నెట్‌కి మెత్తటి గుడ్డ చుట్టి, ఆ వంపుల మీద నెమ్మదిగా జరపండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. వేలి కణుపుతో కొడితే రేకు టంగుమంటుంది, పుట్టీ ముద్దగా మోగుతుంది. తర్వాత డోరు తీసి, చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్‌ని కొంచెం లాగి చూడండి. ఫ్యాక్టరీలో వేసిన స్పాట్ వెల్డింగ్ చుక్కలు ఒకే ఎడంలో, వరసగా ఉంటాయి. ఒక పక్క చుక్కలు కనిపిస్తూ, రెండో పక్క నున్నగా ఉంటే అక్కడ టింకరింగ్ జరిగినట్టు. స్టెప్నీ పైకి తీసి గుంటలో చెయ్యి పెట్టండి. అక్కడ కొత్త నల్ల రంగు తళతళలాడుతుంటే ఎందుకు కొట్టారో అడగండి. ఇరవై ఏళ్ల బండి స్టెప్నీ గుంటకి ఊరికే ఎవరూ రంగు వేయరు.

నీళ్లలో మునిగిన బండ్ల విషయం మర్చిపోవద్దు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ, రెండుచోట్లా కార్లు పైకప్పు దాకా మునిగాయి. సీట్లు కడుగుతారు, కార్పెట్ మారుస్తారు. సీటు బెల్టు మాత్రం చాలామంది చివరిదాకా లాగరు. మీరు లాగండి. ఆఖరి అడుగులో మట్టి గీత ఉంటే బేరం అక్కడితో సరి.

నా అభిప్రాయం అడిగితే, రంగు వెలిసిన బండినే ఎంచుకోండి. బానెట్ మీద లక్కర్ ఊడి, పైకప్పు తెల్లబడి, కానీ అంతా ఫ్యాక్టరీ రంగే ఉన్న కారు మిమ్మల్ని మోసం చేయదు. అమ్మకానికి ముందు మెరుగు పెట్టించిన బండిలో ఏం దాచారో మీకు తెలిసేది రెండో వర్షాకాలానికే.

ఇప్పుడు ఇంజిన్

వీటెక్ అంటే ఏదో మాయ అనుకుంటారు గానీ, ఊహ చాలా సులువైంది. మన పాత ఇళ్లకి రెండు రెక్కల వీధి తలుపు ఉంటుంది. రోజూ ఒక రెక్క ఓరగా తీస్తే చాలు. పెళ్లి నాడు రెండూ బార్లా తీస్తాం. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే వాల్వులు కూడా అంతే. నెమ్మదిగా పోయేటప్పుడు కొంచెం తెరుచుకుంటే మైలేజీ బాగుంటుంది. వేగంగా తిరిగేటప్పుడు ఎక్కువ తెరుచుకుంటే బలం వస్తుంది. వాల్వుల్ని తెరిపించే కామ్‌షాఫ్ట్ మీద ప్రతి సిలిండర్‌కీ మామూలు లోబ్‌ల (ఉబ్బెత్తుల) మధ్యలో ఇంకో పెద్ద లోబ్ ఉంటుంది. దాని మీద ఆనుకున్న రాకర్ ఆర్మ్ (లోబ్ తోపుని వాల్వుకి అందించే మీట) మామూలప్పుడు ఊరికే ఊగుతూ ఉంటుంది. ఇంజిన్ వేగం ఒక హద్దు దాటగానే కంప్యూటర్ ఒక సోలినాయిడ్‌ని తెరుస్తుంది, ఆయిల్ ప్రెషర్‌తో చిన్న పిన్ను గడియలా జరిగి రాకర్లన్నిటినీ ఒక్కటిగా బిగిస్తుంది. అప్పటినుంచి వాల్వులు పెద్ద లోబ్ చెప్పినట్టు నడుస్తాయి. గొంతు మారేది అప్పుడే.

ఇందులో గమనించాల్సింది గడియను జరిపేది ఆయిల్ అన్న సంగతి. టెస్ట్ డ్రైవ్‌లో వీటెక్ పట్టుకోకపోతే బండి పనికిరాదని కాదు. ఆయిల్ తక్కువై ఉండొచ్చు, సోలినాయిడ్ జాలీ బురదతో పూడిపోయి ఉండొచ్చు. చిన్న ఖర్చుతో పోయే జబ్బు. అమ్మేవాడికి ఆ సంగతి తెలియకపోతే మీ బేరానికి అది మంచి పట్టు.

టైమింగ్ బెల్టు అలాంటిది కాదు. ఈ ఇంజిన్‌లో బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వుల్ని గుద్దుకుంటాయి, హెడ్ పని మొత్తం పడుతుంది. కిలోమీటర్లు తక్కువ తిరిగిన బండి అయినా రబ్బరుకి వయసు ఆగదు. బిల్లు చూపించలేకపోతే, మార్చలేదనే లెక్క. కొన్నరోజే మార్పించండి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, "మళ్లీ పొద్దున్నే వస్తా" అని చెప్పి వచ్చేయండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తే పిస్టన్ రింగులు, కాసేపు ఐడిల్‌లో పెట్టి తొక్కినప్పుడు మాత్రమే వస్తే వాల్వ్ సీల్స్ అని అనుమానించొచ్చు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ కాలుతున్నట్టు. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్టులో అంకె ఎంత పెద్దదన్నదానికంటే నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం.

ఇక ఎండాకాలం నాటకం ఒకటుంది. ఎల్‌బీ నగర్‌లో మిట్టమధ్యాహ్నం ఒక బండి చూశాను. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు. ఓనరు చెమటలు తుడుచుకుంటూ "టెన్షన్ పడకండి సార్, టీ తాగొద్దాం, అదే వస్తుంది" అన్నాడు. టీ తాగొచ్చాక నిజంగానే వచ్చింది. పాత హోండాల్లో ఇది పేరు మోసిన జబ్బు. డ్యాష్‌బోర్డ్ కింద మెయిన్ రిలే అని ఒక డబ్బా ఉంటుంది. దాంట్లో సోల్డర్ ఏళ్ల తరబడి వేడికి పగుళ్లిస్తుంది. కారు ఎండలో ఉంటే ఆ పగులు విడిపోతుంది, చల్లబడితే కలుస్తుంది. తాళం ఆన్ దాకా తిప్పి చెవి ఒగ్గితే, వెనక పెట్రోలు పంపు రెండు సెకన్లు గుయ్యిమని ఆగాలి. ఆ శబ్దం రాకపోతే రిలే మీదే అనుమానం. మళ్లీ సోల్డర్ పెడితే సరిపోతుంది. ఆ ఓనరు పాపం ఈ జబ్బుకి పెట్రోలు పంపు, బ్యాటరీ, డిస్ట్రిబ్యూటర్ అన్నీ మార్పించాడు.

ఇంజిన్‌ని ఆఖర్న చూడమనడానికి అసలు కారణం విడిభాగాలు. ఇది హోండా డీ సిరీస్ కుటుంబంలోది. ఆ కుటుంబం ఇంజిన్లు ప్రపంచమంతా సివిక్‌లలో తిరిగాయి. కాబట్టి రింగులు, గ్యాస్కెట్లు, బేరింగులు ఎక్కడో ఒకచోట ఇంకా దొరుకుతాయి. టైప్ 2 హెడ్‌లైటు, డోర్ ట్రిమ్, వెనక గ్లాసు మాత్రం చెన్నై పుదుపేటలోనో, ఢిల్లీ మాయాపురిలోనో తుక్కు కుప్పల్లో వెతకాలి, లేదా ఇదే కారు టైప్ జెడ్ పేరుతో అమ్ముడైన థాయిలాండ్ నుంచి తెప్పించుకోవాలి. పగిలిన ఒక్క టెయిల్ ల్యాంప్ కోసం నెలలు ఎదురుచూసినవాళ్లు నాకు తెలుసు.

మిగతా బండ్ల గురించి రెండు ముక్కలు. ఫియట్ పాలియో 1.6 జీటీఎక్స్ 2001లో వచ్చింది, 100 బీహెచ్‌పీ, సచిన్ ప్రచారం చేసిన కారు. స్టీరింగ్ రుచి సిటీకన్నా బాగుంటుంది, పెట్రోలు తాగుడు కూడా అలాగే ఉంటుంది. స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 2004ది, 1.8 టర్బో, 150 బీహెచ్‌పీ. గొప్ప కారు. కానీ టర్బో గొట్టాలు, ఇగ్నిషన్ కాయిల్స్ ఒకదాని తర్వాత ఒకటి పలకరిస్తుంటాయి. ఇల్లు, ఈఎంఐలు ఉన్నవాడు మొదటి పాత కారుగా దాన్ని కొనకపోవడం మంచిది.

ఇన్సూరెన్స్‌లో ఒక తమాషా ఉంది. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సైజుని బట్టి ఉంటుంది. సిటీ వీటెక్ 1,493 సీసీ కాబట్టి 1,500 లోపు స్లాబులో పడుతుంది. 2022 జూన్ నాటి రేట్ల ప్రకారం ఏడాదికి 3,416 రూపాయలు. పాలియో 1,596 సీసీ. నూటమూడు సీసీ ఎక్కువైన పాపానికి 7,897. ఇక బండి విలువ అంటారా, అయిదేళ్లు దాటిన కారుకి ఐడీవీ మీరూ కంపెనీ మాట్లాడుకుని రాసుకునేదే. తక్కువ రాస్తే రెండు డోర్లు నలిగినా టోటల్ లాస్ కింద తేల్చేస్తారు. వీలైనంత ఎక్కువ రాయించండి, ఫొటోలు తీసి పెట్టుకోండి. బ్యాంకు లోన్ దాదాపు రాదు కాబట్టి డబ్బు చేతిలో ఉంచుకునే బేరానికి కూర్చోవాలి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2002లో ఈ రబ్బరు గొట్టాలు తయారుచేసినవాళ్లు దాన్ని ఊహించలేదు. పెట్రోలు లైన్లు, ఇంజెక్టర్ల ఓ-రింగులు మార్చే ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

చివరికి నేను కొన్నది అనంతపురం బండి. బూడిద రంగు, బానెట్ మీద లక్కర్ పూర్తిగా ఊడిపోయింది. ఓనరు రిటైరైన లెక్చరర్ గారు, కొన్నప్పటి నుంచీ ఆయన పేరే. ఆర్‌సీ 2022లో రెన్యువల్ అయింది, హైపోతికేషన్ తీసేసిన ముద్ర ఉంది. మాగ్నెట్ ఎక్కడా జారలేదు. ఫోన్లోనే ఆయన నిజం చెప్పేశారు: "పొగ వస్తుంది నాయనా, మూడో సిలిండర్ సరిగా లేదంటున్నారు." మా మెకానిక్ అదే బనీను గుడ్డ తీసి, మొదట ఫైర్‌వాల్ మీద చాసిస్ నంబరు, తర్వాత బ్లాక్ మీద ఇంజిన్ నంబరు తుడిచాడు. ఆయన ఒక్కొక్క అంకే పైకి చదువుతుంటే నేను ఆర్‌సీ మీద వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లాను. ఆఖరి అంకె దాకా వచ్చాక నడుము నిఠారు చేసి "ఇచ్చేయ్ బాబూ అడ్వాన్సు" అన్నాడు. అప్పటికింకా ఇంజిన్ స్టార్ట్ చేయనేలేదు.